స్విచ్ లేని గింజలు

ఓపెన్ స్కూల్ పది పరీక్ష రాయడానికి నందిగామ వచ్చిన సింధూర, గేటు బయటి నుంచి జగ్గయ్యపేటలో ఉన్న భర్త హరిచరణ్‌కు ఫోన్ చేసింది.

“నా భయమల్లా ఒకటేనండీ. చంటిది ఆ మాగ్నెట్ గింజలు మింగేస్తదేమోనని.”

“పొద్దున్నించి ఇది మూడోసారి సింధూరా. పరీక్ష రాయడం చేతగాక ఫోన్లా?”

“పెద్దది ఆమని స్కూలు ప్రాజెక్టుకి మేకుకి తీగ చుట్టి, బ్యాటరీ పెట్టిచ్చా కదా. చాలదా?”

“నీ మేకు ఏడు గుండుసూదులు లేపింది. గరికపాడు దాబా దగ్గర నేను కొన్న గింజలు కత్తెరనే లేపినయ్. బలమంటే అదీ.”

“నా మేకుకి స్విచ్ ఉంది. కట్టేస్తే వదిలేస్తది. అవి వదలవండీ. రెండు కడుపులో పడ్డాయంటే పేగుని మధ్యలో పెట్టి నొక్కేస్తయ్యి, చిల్లి పడేదాకా...”

“అబ్బో! సైన్సులో రెండుసార్లు తప్పిన డాక్టరమ్మ!”

“ఎనిమిది ఉండాలి. లెక్కపెట్టారా?”

“ఉన్నాయ్.”

“ఎనిమిదీ?”

“ఉన్నాయన్నానా!”

“చంటిదేదీ? గొంతు వినపడట్లేదు.”

“పడుకుంది. రెండుసార్లు కక్కింది, అంతే. పళ్ళొచ్చేటప్పుడు కక్కరా?”

“కక్కిందా? ఏ రంగులో? పచ్చగానా?”

“నాకు పొలంలో పనుంది. ఆమనీ, ఇదిగో, చెల్లి బానే ఉందని మీ అమ్మకి చెప్పి ఫోను పెట్టెయ్.”

“...అమ్మా.”

“చెప్పు తల్లీ.”

“ఆగు. బండి స్టార్టవలేదింకా... ఆఁ, వెళ్ళిపోయాడు. గింజలు ఆరే ఉన్నాయమ్మా. నిన్న సాయంత్రమే నాన్నకి చెప్పా.”

“నిన్ననా? ఏమన్నారు?”

“మీ అమ్మకి చెప్తే దాని మాటే నెగ్గుద్ది, నోర్ముయ్ అన్నాడు. అమ్మా, స్కూల్లో ఇచ్చిన దిక్సూచి మంచం మీద పెడితే ముల్లు కుదురుగానే ఉంది. చెల్లి పొట్ట మీద పెడితే గిర్రున తిరిగిపోతోంది.”

“చెల్లిని ఎత్తుకో. పక్కింటి పరిమళ పెద్దమ్మ దగ్గరికి పరిగెత్తు.”

“నాన్న బయట గొళ్ళెం పెట్టాడమ్మా. ఎంత పిలిచినా చెల్లి కళ్ళు తెరవట్లా.”

“ఏడవకు. పెట్టెయ్, పెద్దమ్మకి చేస్తా.”

“పరిమళక్కా, సింధూరని. ఏమీ అడగొద్దక్కా. మా తలుపు గొళ్ళెం తియ్. ఆసుపత్రిలో మాగ్నెట్లు మింగిందని చెప్పు, రెండని చెప్పు. అంతకన్నా ముందు... చంటిది ఊపిరి పీలుస్తోందో లేదో ఒక్కసారి చూడక్కా.”