బోల్ట్‌కి పెట్టిన బొట్టు

మొదలుపెట్టినప్పుడు అది చిన్న కథే.

1984, దసరా వెళ్ళిన ఆదివారం. అమెరికాలో, అరోరాలో ఉన్న దామోదర్ గారి గరాజ్‌లో మడత కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. భోజనాలయ్యాయి. బెంచీ మీద పాత మిలిటరీ రైఫిల్ ఉంది. మన పోలీసులు మోసే త్రీ నాట్ త్రీ లాంటిదే. ఆయుధ పూజకని ఆయన భార్య మీనాక్షి దానికి పసుపు రాసి, ఎక్కడ చోటుంటే అక్కడ బొట్లు పెట్టింది.

మూడూ పదికి ముహూర్తం. స్నేహితుడి పొలంలో మొదటి గుండు మా అమ్మాయి రేణు చేత పేల్పిస్తానని ఆయన ప్రకటించేశారు. రేణుకి పదిహేడేళ్ళు. హైస్కూల్ రైఫిల్ టీమ్‌లో ఉంది. మావారు జగదీష్ సరేనన్నారు. నన్నెవరూ అడగలేదు.

"పెద్ద పనేం కాదు చెల్లెమ్మా," అన్నారాయన టీ అందుకుంటూ. "గన్ షోలో, అదే తుపాకుల సంతలో, తుప్పుముక్క కొన్నాను, కిరసనాయిలు పోసి రుద్దాను, రుద్దితే నంబర్లు బయటపడ్డాయి. ఈ మిలిటరీ తుపాకులకి ఒంటి మీద ఒక నంబరు కొడతారు, తూటా వెనకాల గడియలా పడుతుందే, ఈ బోల్ట్, దీని మీదా అదే నంబరు కొడతారు, రెండూ కలిస్తేనే మొగుడూ పెళ్ళాల కింద లెక్క. నా దాంట్లో చూద్దును గదా, ఒళ్ళు ఒకళ్ళది, బోల్ట్ ఇంకొకళ్ళది, చెక్క మూడో వాళ్ళది. కనిపెట్టాను, అంతే. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తెలీదు బాబూ," అన్నారు రాజేశ్వరమ్మ గారు వత్తులు చేసుకుంటూ. మీనాక్షి తల్లి. ఇండియా నుంచి వచ్చి ఆరు నెలలైంది. "పోయిన వారం చెప్పిందయితే తెలుసు."

ఆయన వినిపించుకోలేదు. నంబర్లు చూసి చెప్పడం పసిపిల్లల పనట, ఆయన చెవితోనే చెప్పేస్తారట. చెక్క మీద వేలితో కొడితే అది ఏ దేశపు చెట్టో, ఆ చెట్టు కొట్టిన రోజు వాన పడిందో లేదో కూడా తెలిసిపోతుందట.

"అది విని గన్ షో వాళ్ళు నా కళ్ళకి గంతలు కట్టి నాలుగొందల రైఫిళ్ళు విప్పి కుప్ప పోశారు. ఏ బోల్ట్ ఏ తుపాకిదో పొద్దుగుంకేలోగా జత చేశాను, ఆఖరి వందకైతే చెయ్యి కూడా పెట్టలేదు జగదీష్ గారూ, చిటికేస్తే చాలు, బోల్ట్‌లే పాక్కుంటూ వాటి వాటి తుపాకుల్లోకి దూరిపోయాయి."

మావారు నవ్వారు. రేణు నవ్వలేదు.

"అంకుల్, దీన్ని తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్‌కి చూపించారా? మా కోచ్ ఫస్ట్ చెక్ చేయించాలి అంటారు."

"నాకు ఇంకొకడు చెక్ చేసేదేంటమ్మా. కెనడాలో ఒకడు నా మాట వినకుండా, ఏదో బోల్ట్ పెట్టి కాల్చాడు. గడియ సరిగ్గా పడలేదు, తూటా వెనక చీలింది, మంట మొహం మీదకి తన్నింది. కన్ను ఊడి రెండు మైళ్ళు ఎగిరి, చర్చి గంటకి తగిలితే, ఊళ్ళో జనమంతా ప్రార్థనకి వచ్చేశారు."

అందరూ నవ్వారు. నేను టీ కప్పు కింద పెట్టాను.

"మరి మీ బోల్ట్?" అన్నాను.

"అక్కడికే వస్తున్నా చెల్లెమ్మా. దీని అసలు బోల్ట్ బర్మాలో, ఒక కోళ్ళ గూటికి గడియగా ఉంది. ఆ ఇంటి కోడిపుంజు నా కల్లోకొచ్చి నంబరుతో సహా చెప్పింది. ఉత్తరం రాశాను. ఎయిర్‌మెయిల్లో వచ్చింది. ప్యాకెట్ విప్పుతుంటే ఈ తుపాకి గోడ మీంచి దానంతటది దిగొచ్చింది, నలభై ఏళ్ళకి కలుసుకున్నాయేమో, రెండిటి కళ్ళమ్మటా నూనె కారిపోయింది."

గడియారం చూశారు. రెండున్నర దాటింది. రేణుకి తుపాకి ఎత్తి భుజానికి ఎలా ఆనించాలో చూపించారు. చెంప ఇక్కడ పెట్టమన్నారు. రేణు పెట్టింది.

పిల్ల కంటికి బోల్ట్ బెత్తెడు దూరంలో ఉంది.

"బొట్లు తుడిచెయ్ చెల్లెమ్మా, పిల్ల చేతులకి అంటుకుంటాయి," అంటూ తుపాకి బెంచీ మీద పెట్టారు.

తడిగుడ్డతో తుడిచాను. అంతటా పోయింది. బోల్ట్ మీది అంకెల్లో కుంకుమ మిగిలిపోయింది. చుక్కలు చుక్కలుగా. ప్రతి అంకె చివరా చిన్న తోక.

తుపాకి ఒంటి మీది అంకెలు చూశాను. అవి అచ్చుతో గుద్దినవి. చుక్కల్లేవు. తోకల్లేవు.

నా దగ్గర గిన్నెల మీద చుక్కలు చుక్కలుగా పేర్లు చెక్కే కరెంటు పెన్ను ఉంది. పదిళ్ళ వంటలు కలిసిన చోట గిన్నెలు మారిపోతాయని అందరూ అడిగి తీసుకెళతారు. ఒకసారి నా చేతిలోంచి జారి దాని మొన వంగింది. అప్పటినుంచీ ఏది చెక్కినా చివర తోక వస్తుంది. శ్రావణమాసంలో మీనాక్షి తీసుకెళ్ళింది. నెల రోజులు వాళ్ళింట్లోనే ఉంది.

మా ఇంటి నుంచి తెచ్చిన టీ ట్రే ఖాళీ చేసి బోల్ట్ పక్కన పెట్టాను. ట్రే అంచున నా పేరుంది. సుమతి. తోకలతో.

"అన్నయ్య గారూ, ఈ నంబరు నా పెన్నుతో చెక్కింది."

దామోదర్ గారు ట్రే వైపూ, బోల్ట్ వైపూ చూశారు.

"బర్మాలో కూడా అలాంటి పెన్ను ఉండొచ్చుగా," అన్నారాయన.

"కోడిపుంజునే అడగండి బాబూ," అన్నారు రాజేశ్వరమ్మ గారు. "మళ్ళీ కల్లోకొస్తుందేమో."

ఈసారి ఎవరూ నవ్వలేదు. మీనాక్షి మొగుడి వైపే చూస్తోంది.

దామోదర్ గారు కుర్చీలో కూర్చున్నారు. గన్ షోలో ఒక బకెట్ నిండా బోల్ట్‌లు పోసి అమ్ముతున్నారట. పట్టింది ఒకటి తీసుకున్నారట. దాని నంబరు ఆకురాయితో అరగదీసి, తుపాకి నంబరు చెక్కారట. నంబర్లు కలిసిన తుపాకంటే నలుగురూ మెచ్చుకుంటారని.

"చెప్పీ చెప్పీ, కలిసిందనే అనుకున్నానమ్మా," అన్నారు. నాతో కాదు. రేణుతో.

రేణు బెంచీ దగ్గరికి వెళ్ళింది. బోల్ట్ బయటికి లాగి నా చేతిలో పెట్టింది. బరువుగా, చల్లగా ఉంది. నేను పులిహోర తెచ్చిన స్టీల్ డబ్బా అడిగాను. అందులో వేసి మూత పెట్టాను. పట్టలేదు. మళ్ళీ నొక్కాను. సరిగ్గా పెట్టలేదేమో అనుకున్నాను.

రేణు మూత తీసుకుని, వెనక్కి తిప్పి పేరు చదివింది.

"అమ్మా, ఇది మీనాక్షి ఆంటీ మూత."

అప్పుడు నవ్వింది. కుడి చెంప మీద, తుపాకి ఆనించిన చోట, ఇంకా పసుపు ఉంది. నా కొంగుతో తుడిచాను. పోయాక కూడా తుడుస్తూనే ఉన్నాను.