ఇంటికెళ్ళిన కోటు

నొప్పి మాత్రలు తయారుచేసే ఫ్యాక్టరీలో నర్సు గది. మందుపొడి కలిపే పనివాడు ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

“మీ మూత్రంలో మందు ఆనవాళ్ళు కనిపించాయి.”

“ఒట్టు సిస్టర్, ఒక్క మాత్ర కూడా నోట్లో వేసుకోలేదు!”

“వేసుకున్నారని ఎవరన్నారు? మింగితే అంకె ఇంతకు ఎన్నో రెట్లు ఉండేది. ఇది ఒంటికి అంటిన పొడి. పనిలో మాస్కు తీస్తారా?”

“ముక్కు దురద పెట్టినా తియ్యను.”

“చేతి తొడుగులు?”

“కాస్త చిరిగినా మార్చేస్తాను.”

“పని దిగాక కోటు మన లాండ్రీ డబ్బాలోనే వేస్తున్నారు కదా?”

“ఆ లాండ్రీవాళ్ళు గుండీలన్నీ ఊడగొడుతున్నారు సిస్టర్. రెండు నెలల నుంచి ఇంటికే పట్టుకెళ్తున్నాను.”

“ఇంట్లో ఎవరు ఉతుకుతారు?”

“మా అమ్మ. నాలుగుసార్లు బాగా దులిపి మరీ నానబెడుతుంది.”

“ఆవిడ ఒంట్లో ఎలా ఉంది?”

“బ్రహ్మాండంగా ఉంది. మధ్యాహ్నాలు కాస్త ఎక్కువ నిద్రపోతోంది, అంతే. పదేళ్ళ మోకాళ్ళ నొప్పి చేత్తో తీసేసినట్టు పోయింది. నేను కొనిచ్చిన నూనె మహిమని వీధంతా చెప్పుకుంటోంది.”

నర్సు సొరుగులోంచి ఇంకో ఖాళీ సీసా తీసింది.

“ఇది ఆవిడకి. ఇవాళే మూత్రం పట్టి తీసుకురండి. మీ కోటు మాత్రం ఇక్కడే విప్పి వెళ్ళండి.”

“ఇవాళ్టిది సరే సిస్టర్. నిన్నటిది ఈపాటికి దులుపుతూ ఉంటుంది.”

నర్సు సీసా పక్కనపెట్టి, ఫోన్ అతని ముందుకు జరిపింది.