దుంగ చల్లారేలోపు

తేదీ కూడా రాసుకోండి బాబూ. రెండు వేల ఇరవై ఐదు, నవంబరు పదిహేడు, సోమవారం. తెల్లారకముందు నుంచీ ముసురు. గాలి లేదు గానీ చలి ఎముకల్లోకి దిగుతోంది. ఎందుకు రాసుకోమంటున్నానంటే, రేపు మీ కార్ల కంపెనీ ఆఫీసులో ఎవరైనా "ఆ ముసలాయనకి ముందే చెప్పాం కదా" అంటే, ఎప్పుడు చెప్పారో తెలియాలి. ఇవాళ చెప్పారు. దుంగని వేడినీళ్ల తొట్టిలోంచి పైకి తీసేశాక చెప్పారు.

కూర్చోండి. ఆ కుర్చీ వద్దు, దానికి ఒక కాలు పొట్టి. ఇన్నేళ్లుగా చెక్కపనే చేస్తున్నాం, ఆ కాలు సరిచేసుకునే తీరిక మాత్రం దొరకలేదు.

ఏదీ, ఆ కాగితం ఇంకోసారి ఇవ్వండి. కళ్లజోడు ఎక్కడ పెట్టానో... ఆఁ, నెత్తిమీదే ఉంది. "రాబోయే మోడళ్లు, తాజా మార్పులు." ఇది ఎన్నో తాజా? మొదటిది వచ్చినప్పుడు మా అన్నయ్య బతికే ఉన్నాడు. అందులో ఏముంది? పొడుగు కారు ఆపేస్తున్నాం, దాని బదులు కరెంటు కారు వస్తోంది అని. మీరు వాటికి అక్షరాలూ అంకెలూ కలిపి ఏవో పేర్లు పెడతారు, నాకు నోరు తిరగదు. రెండో కాగితంలో కరెంటు కారు ఒక ఏడాది వెనక్కి జరిగింది. మూడోదాంట్లో పొడుగు కారు పేరు తీసుకెళ్లి ఇంకో ఎత్తు కారుకి తగిలించారు. పోయినాయన పేరు మనవడికి పెట్టారులే అనుకున్నాం. ఇవాళ మీరొచ్చి, పోయినాయన పోలేదు, కొత్త మొహంతో మళ్లీ వస్తున్నాడంటారు. కరెంటు కారు సంగతేమిటి అంటే, "ప్రస్తుతానికి తేదీ లేదు".

ఏమన్నారు? మార్కెట్ పరిస్థితులా?

సరే. మార్కెట్‌ని నేనేమీ అనను. అది నా ఎదురుగా కూర్చుంటే అనేవాణ్ని.

మీరు ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చారు కాబట్టి చెప్తున్నాను. మీ ముందున్నాయనకి ఇవన్నీ తెలుసు. పాపం, మోడళ్లతో పాటు ఆయన్నీ మార్చేశారు. మీ కార్లలో స్టీరింగు ముందూ, తలుపుల మీదా మెరిసే చెక్క ఉంటుందే, అదంతా మా షెడ్డులోంచే వెళ్తుంది. ఒక కారుకి ఒకే చెట్టు. ఎడమ తలుపు మీద గీతలు ఎలా పోతాయో, కుడి తలుపు మీద అద్దంలో చూసినట్టు అలాగే పోవాలి. వేరే చెట్టు ముక్క కలిపితే పాలిష్ పెట్టిన రోజు ఎవరికీ తెలియదు. రెండు వేసవులు ఎండ తగిలాక ఒకటి ఎర్రబడుతుంది, ఒకటి పచ్చబడుతుంది. అంత డబ్బు పోసి కొన్నాయన ఊరుకుంటాడా?

ఇక మందం. అసలు తంటా అంతా అక్కడే ఉంది. పొడుగు కారుకి మందపు పొర కావాలి. చేత్తో రుద్ది నునుపు చెయ్యాలి, అంచులు గుండ్రంగా తిప్పాలి. కరెంటు కారుకి ఉల్లిపొరంత ఉండాలి, ఎందుకంటే చెక్క వెనకనుంచి దీపం వెలగాలి, చెక్క మీద బొత్తాలు కనపడాలి. ఉల్లిపొరగా తీసిన చెక్కని మళ్లీ మందం చెయ్యలేం. అది మీరూ చెయ్యలేరు, మీ చైర్మనూ చెయ్యలేడు.

"వస్తున్నానమ్మా, ఒక్క నిమిషం."

మా అన్నయ్య కూతురు. దుంగ చల్లారిపోతోంది బాబాయ్ అంటోంది. వాల్‌నట్ దుంగని రోజుల తరబడి వేడినీళ్లలో నానబెడితే మెత్తబడుతుంది. పైకి తీశాక వెచ్చగా ఉండగానే కత్తి కింద పెట్టాలి. చల్లారిందా, నిలువునా పగుళ్లే. మళ్లీ నానబెట్టడానికి అదేమన్నా బట్టా? అదిగో, ఆ తలుపు సందులోంచి చూడండి, ఇంకా ఆవిర్లు వస్తున్నాయి. అదీ నా ఆస్తి. నిజంగానే నా ఆస్తి, చెప్తా వినండి.

అన్నయ్య పోయేముందు ఆస్తి వాటాలు వేశాడు. దేన్ని చూసి వేశాడనుకుంటున్నారు? మీ మొదటి కాగితాన్ని చూసి. మనిషి లాయరు మాట వినలేదు, డాక్టరు మాట అసలే వినలేదు. మీ రంగుల కాగితాన్ని మాత్రం నమ్మాడు. భవిష్యత్తంతా కరెంటు కారుదే కాబట్టి, షెడ్డులో ఉన్న చెక్కని దాదాపు అంతా ఉల్లిపొరలుగా తీయించి, ఆ పొరలూ, పొరలు తీసే మిషనూ కూతురికి ఇచ్చాడు. పనిచేసేది ఆవిడే కదా, మంచిది ఆవిడకే దక్కాలని. షెడ్డూ, దాని కింద స్థలమూ కొడుక్కి. వాణ్ని మేము మేనేజరని పిలుస్తాం. ఏం మేనేజ్ చేస్తాడో ఇంతవరకూ ఎవరికీ తెలియదు. ఇక కొయ్యకుండా మిగిలిపోయింది ఒకే దుంగ. దాన్ని నా పేర పెట్టి, "వాడికి చెట్లంటే ఇష్టం" అన్నాడట.

ఇష్టమంటే, నేను బీయస్సీలో వృక్షశాస్త్రం చదివాను. ఎప్పటి మాటో. మా లెక్చరరు చెప్పేవాడు, చెట్టులో నడిమి చెక్క ఎప్పుడో చచ్చిపోయి ఉంటుందీ, బతికుండేది బెరడు కింద సన్నటి పొర ఒక్కటేనూ అని. పరీక్షలో అది రాస్తే మార్కులు వేశారు. ఆ ఒక్క ముక్క తప్ప మిగతా చదువంతా మర్చిపోయాను. ఏం చెప్తున్నాను? ఆఁ, దుంగ.

అమ్మాయి దగ్గరున్న పొరలు మీ కరెంటు కారు మొదటి విడతకి చాలవు. నా దుంగ కలిస్తే చాలుతాయి. అదే తోటది, అదే రంగు. మీ మూడో కాగితం వచ్చాక కూడా, వెనక్కి జరిగితే జరిగింది, ఎలాగూ వస్తుందిగా అని, నేనే అన్నాను, "నాది కూడా ఉల్లిపొరలు తీసెయ్యమ్మా, కలిపి ఇచ్చేద్దాం" అని. "బాబాయ్, అది నీది కదా" అంది. "నాకు చెట్లంటే ఇష్టం, చెక్కంటే కాదు" అన్నాను. నవ్వింది. వాళ్ల నాన్న పోయాక నవ్వడం అదే మొదలు. ఆ మర్నాడే తొట్టి కింద మంట పెట్టాం.

ఇవాళ పొద్దున దుంగ తీశాం. ఆవిడ కత్తి సరిచేసుకుంటోంది. మీరు బూట్లు తుడుచుకుంటూ లోపలికొచ్చారు.

లేదు లేదు, మిమ్మల్ని అనడం లేదు. మిమ్మల్ని చెప్పమన్నది మీరు చెప్పారు. పైగా మంచి కబురే తెచ్చాననుకున్నారు, మొహం చూస్తేనే తెలిసింది. "దుంగ మందంగా కొయ్యండి, మొత్తం మేమే తీసుకుంటాం, పొడుగు కారుకి" అన్నారు. దాచడం దేనికి, ఆ మాటకి నా ప్రాణం లేచొచ్చింది. మా అన్నయ్యా నేనూ ఇద్దరం కుర్రాళ్లుగా ఉన్నప్పుడు మొదలుపెట్టింది ఆ పొడుగు కారు పనే. దాని తలుపు మీద చెయ్యి వేస్తే చెక్క చల్లగా తగిలేది కాదు, తెలుసా? ఎవరో అంతకుముందే చెయ్యి ఆనించి వెళ్లినట్టుండేది.

కానీ అడిగాను కదా మిమ్మల్ని. అమ్మాయి పొరల సంగతేమిటని. మీరేమన్నారు? "అవి ఈ ప్రణాళికలో లేవండీ." ఎంత మర్యాదగా అన్నారో. ఉల్లిపొర ఇంకో చలికాలం ఆగదు బాబూ. ఎండి, చుట్టుకుపోయి, ముట్టుకుంటే పొడి అవుతుంది. మీ కరెంటు కారు తేదీ దొరికేలోపు అవి చిత్తుకి కూడా పనికిరావు. అంటే ఏమిటి? అన్నయ్య మంచిదని ఇచ్చింది మన్నయింది, మిగిలిపోయిందని ఇచ్చింది బంగారమయింది. బంగారం నా చేతిలో, మన్ను పిల్ల చేతిలో. నేను లోపలికెళ్లి ఆ పిల్లతో, "అమ్మా, కత్తి వెనక్కి తిప్పు, బాబాయికి బేరం తగిలింది" అనాలి. మీరైతే అనగలరా? మీకు అన్న కూతుళ్లున్నారా? లేరా. అదృష్టవంతులు.

అందుకే మళ్లీ అడుగుతున్నాను. రెండూ తీసుకోండి. దుంగ కావాలంటే పొరలు కూడా తీసుకోవాలి. పొరలు మీ గోదాములో పెట్టుకుంటారో, మీ చైర్మను గోడకి అంటించుకుంటారో మీ ఇష్టం.

అధికారం లేదా? ఎవరికుంది? ఆయనా అడగలేరా? పోనీ, ఈ పొడుగు కారైనా ఖాయమేనని సంతకం పెట్టివ్వండి. అది కూడా... వచ్చేనెల ప్రకటన దాకా ఏదీ ఖాయం కాదా? మరి ఏ మొహంతో కొయ్యమంటున్నారు? ఒకసారి మీ మాట మీద షెడ్డంతా ఉల్లిపొరలు చేశాం. ఇప్పుడు మీ మాట మీదే మందం చెయ్యాలి. వచ్చేనెల ఇంకొకాయన వచ్చి, చెక్కే వద్దు, మొత్తం అద్దమే పెడుతున్నాం అంటే, మేం ఎవరి దగ్గరికెళ్లి మొత్తుకోవాలి?

ఒక్క నిమిషం ఉండండి. మాట్లాడకండి.

వింటున్నారా? మోటారు వేసింది. నేను చెప్పలేదు. తలుపు దగ్గరే నించుంది కాబోలు, అంతా విన్నట్టుంది. వినండి. పొరలు తీసే కత్తి అయితే పట్టుచీర చింపినట్టు వస్తుంది చప్పుడు. ఇలా అరవదు. ఇది రంపం. వెనక మూలన ఉండే పాత రంపం. దుంగని పలకలు కోసేస్తోంది బాబూ. బెత్తెడు బెత్తెడు పలకలు.

కూర్చోండి, ఎక్కడికి లేస్తారు? వెళ్లి ఆపుతారా? ఇప్పటికే సగం దిగి ఉంటుంది. బెత్తెడు పలక మీ పొడుగు కారులోనూ పట్టదు, కరెంటు కారులోనూ పట్టదు. మీ దగ్గర ఎన్ని మోడళ్లున్నా దానికి చోటు లేదు. బల్లలు చేస్తుందో, తలుపులు చేస్తుందో, నాకూ తెలియదు. అడిగి చెయ్యలేదు. అడిగితే నేను ఏమనేవాణ్నో నాకు తెలుసు. "ఆగమ్మా, ఈయన పెద్దవాళ్లతో ఫోన్లో మాట్లాడతాడట, కాసేపు చూద్దాం" అనేవాణ్ని. దుంగ పగిలేదాకా చూస్తూ కూర్చునేవాణ్ని. ఆ సంగతి ఆవిడకీ తెలుసు.

ఏం రాసుకెళ్తారు మరి? మీ ఆఫీసులో అడుగుతారు కదా, రాసుకోండి. షెడ్డూ స్థలమూ మా మేనేజరుకి వచ్చాయి, ఏ కారు వచ్చినా పోయినా వాడి అద్దె వాడికి వస్తుంది. మిషనూ, చుట్టుకుపోయే పొరలూ అమ్మాయికి. దుంగ కూడా ఇవాళ్టి నుంచి ఆవిడదే, కోసుకున్నాక ఇంకెవరిదవుతుంది. మీ కంపెనీకి ఏమీ రాలేదు, ఒక్క చెక్కముక్క కూడా.

నాకా? నాకూ అంతే.