నీ, నా, నడుమ చుక్కలు

సూర్యాపేట, 1998. టీవీ తెర అడుగున నడిచే పుట్టినరోజు శుభాకాంక్షలను కేబుల్ ఆఫీసులో టైపు చేసే సైదయ్య మధ్యాహ్నం అన్నానికి ఇంటికొచ్చాడు. భార్య యాదమ్మ పసిబిడ్డను పడుకోబెట్టి వచ్చింది గాని, పీట వేయలేదు.

“అన్నం తర్వాత. ముందు గా చుక్కల సంగతి చెప్పు.”

“ఏం చుక్కలే?”

“పొద్దున టీవీ కింద పోయినయి గద. ఎన్, ఈ, ఈ... నీ. ఆఖరికి ఎన్, ఏ... నా. నడుమ అన్నీ చుక్కలు. హ్యాపీ బర్త్‌డే అంట! నీ, నా అని రాసుకునేది ఎవరయ్యా?”

“నీ, నా కాదే. అదొక పేరు. నడుమ అక్షరాలు కంప్యూటర్ మింగింది.”

“కంప్యూటర్ మింగిందా, నువ్వు దాసినవా?”

“నేనెందుకు దాస్త? పోయిన నెల ఎవడో పోకిరోడు పేరు నడుమ బూతుమాట ఇరికిచ్చి ఇచ్చిండు. సూసుకోకుండ ఏసినం. ఊరంత సదివిండ్రు. మా ఓనరు రామనర్సయ్య పరేషానై, హైదరాబాద్ నుంచి ఒకాయన్ని పిలిపిచ్చి ప్రోగ్రాం పెట్టిచ్చిండు. ఎంత పొడుగు మాటల దాసినా బూతును పట్టుకుంటది, చుక్కలు పెడతది.”

“అంటే గా పేరు బూతా?”

“పేరు మంచిదే. ఇంగ్లీషుల రాస్తే నడుమ అక్షరాలు అట్ల పడ్డయ్. దానికేం ఎరుక, మిషను.”

“ఎవరిచ్చిండ్రు?”

“ఎవరో గరిడేపల్లాయన.”

“ఏం పేరు?”

“మస్తుమంది వస్తరు. నాకు యాదికుంటదా?”

“ఆయన పెండ్లాందా పుట్టినరోజు?”

“పెండ్లాందో, చెల్లెదో. ఆ మిర్యాలగూడాయన నాకేం చెప్పలే.”

“ఇందాక గరిడేపల్లి అంటివి.”

“ఇల్లు గరిడేపల్లి. నౌకరి మిర్యాలగూడ.”

“పేరు యాదికి లేదుగని నౌకరి యాదికున్నదా?”

“అన్నం పెట్టవా ఇగ?”

“పెట్ట. వాడకట్టంత నన్నే అడుగుతున్నరు, మీ ఆయన ఎవరి పేరు దాసిండని. నువ్వు దాయకపోతే గా అక్షరాలేందో చెప్పు.”

“ఆడోళ్ల ముంగట అనే మాట కాదు.”

“మాట ఒద్దు. అక్షరాలే చెప్పు.”

“ఎల్, ఏ, ఎన్... ఒద్దే.”

“చెప్పు!”

“జె, ఏ.”

“ఎల్, ఏ, ఎన్... జె, ఏ... ఛీ! ఛీ ఛీ! గా తిట్టా?”

“అందుకే ఒద్దన్న. ఇప్పుడన్న నమ్ముతవా? నేను దాయలే.”

“నమ్మిన, నమ్మిన పో. గలీజు మిషను! ఉత్తగనే నిన్ను అనుమానపడితి. దా, కూసో.”

“పొద్దటి సంది ఆకలయితున్నదే.”

“తిను. చారు పొయ్యాల్నా?”

“జర పొయ్యి.”

“అయితే ముందు నీ... నడుమ గది... ఆఖరికి నా. మూడు కలిపితే నీ... నీలాం... నీలాంజన!”

“సాలు, చారు సాలు.”

“చెయ్యి ఆగిందేంది?”

“తింటున్న.”

“దేవుని పేరని చెప్పి, రేపు తొట్లెల ఏసేటప్పుడు నా బిడ్డకు గీ పేరే పెట్టాలని ఎందుకు పట్టువట్టినవయ్యా?”