కాయిదం బతుకమ్మ

హలో… ఆ, నేనే, జీవన్‌ను. అమ్మ ఫోన్‌ల నుంచి చేస్తాన్న.

నాదా?… చార్జింగ్ అయిపోయింది. నిన్నంత ఆ పూల వీడియోలే పెట్టుకొని కూసుంటి గదా, ఇంకేముంటది దాంట్ల… ఆ, ఇప్పుడే పెట్టిన చార్జింగుకు.

అక్షర లేచిందా?… పక్కపొంటే ఉన్నదా?… సుహాసినీ, జర నువ్వొక్కదానివే వార్డు బయటికి రా. వరండలకు రా… ఏం లేదు. రా అంటాన్న గదా.

…వచ్చినవా? బిడ్డకు వినవడదు గదా?

ఇగో… ఎట్ల చెప్పాలె…

లే, లే, అమ్మకేం కాలే. అమ్మ మంచిగనే ఉన్నది… నాకేం కాలే… అరే, ఎవలకేం కాలేదంటాన్న! బతుకమ్మకైంది.

ఆ. బతుకమ్మ… ఖరాబైంది.

కొంచెమా? కొంచెం ఖరాబైతే నీకు ఫోన్ చేస్తనా? సర్దుకుంట గదా. మొత్తం పోయింది. తాంబాలంల ముద్ద ఉన్నది, సుహాసినీ. పసుపు, ఎరుపు, ఊదా అన్ని ఒక్కటైనయ్. వాకిట్ల దాకా కారింది రంగు. చూస్తే ఏడుపొస్తాంది.

ఎలుకలు గాదు… వాన గాదు. ఇంట్ల ఉన్నదానికి వాన ఎక్కడిది?

అమ్మ నీళ్లు చల్లింది.

…నీళ్లు. ఆ. చెంబెడు నీళ్లు చల్లి, పైనుంచి తడిబట్ట కప్పింది.

ఎందుకంటే నేనేం చెప్పాలె? ఎందుకు చల్లుతరు? పూలు వాడిపోవద్దని చల్లుతరు… కాయిదమే! కాయిదమని ఆమెకు తెల్వదా? నా పక్కన కూసోని సగం ఆమెనే కత్తిరిచ్చింది. గునుగు పువ్వుకు కుచ్చులు ఎంత సన్నగ కొయ్యాల్నో నాకు నేర్పిందే ఆమె.

నిన్న మాపటీలి అయిపోయింది పని. మొత్తం పేర్చినం. దవాఖానకు తేవాలంటె శుభ్రమైన కవరు కావాలె గదా, పెద్ద కవరు కోసం నేను బజారుకు పోయిన. ఇంతల ఆమె దీపం వెట్టి ఈ దిక్కు తిరిగిందట. తాంబాలం నిండ పూలు కనవడ్డయట. తెల్లారితే సద్దుల బతుకమ్మ పండుగాయె. పుట్టినప్పటి సంది సద్దుల ముందటి రోజు ఏం చేసింది ఆమె? పూలు తెచ్చుడు, నీళ్లు చల్లుడు, తడిబట్ట కప్పుడు. చెయ్యి చెంబు మీదికి పోయింది. అంతే. సోయి లేదు.

నేను చూసిన. చూడలేదంటలేను. వచ్చేవరకు బట్ట కప్పి ఉన్నది. దుమ్ము వడద్దని కప్పింది, మంచి పని చేసింది మా అమ్మ అనుకున్న. అన్నం తిని పండుకున్న. పొద్దుగాల బట్ట తీసింది ఆమెనే. ఒక్కటే ఒర్లుడు. వాడంత ఉరికొచ్చిండ్రు, ఎవలో పోయిండ్రనుకొని.

ఆ ముడతల కాయిదం ఉన్నది చూడు, క్రేపు పేపరు… నీళ్లు తాకితే రంగు ఇడుస్తదట. నాకేం ఎరుక? చవుకల వస్తది, ఎట్ల గుంజితే అట్ల సాగుతది, అసలు పువ్వు లెక్కనే ఉంటదని వీడియోల చెప్పిండ్రు. నీళ్లు వొయ్యద్దని చెప్పలేదు. కాయిదం పూలకు నీళ్లు వోసేటోళ్లు ఉంటరని వాళ్లు మాత్రం ఎందుకనుకుంటరు?

మిగిలినయా? కింది వరుసల పేపర్ల చుట్టలున్నయ్. అవి గూడ ఉబ్బినయ్. మైదా ఉడికిచ్చి అంటు చేసినం గదా, అది మల్ల జావ లెక్క అయింది.

…తిట్టిన. ఎందుకు తిట్టకుంట? అవి చేతులా, ఇంకేమన్ననా అన్న… తెలుసు. అనద్దు. నోట్లకెళ్లి వచ్చినంక తెలిసింది. ఇప్పుడు మగ్గం గుంతల కాళ్లు వెట్టుకొని కూసున్నది, కొంగు మొఖం మీదేసుకొని. చాయ ఇస్తే తాగుతలేదు. నేను పోయి ఏమనాలె? తిట్టిన నోటితోని బుదగరిస్తే ఇంటదా?

మల్ల చేసుడా? అల్కగ అంటానవ్. కాయిదం ఏది? ఇయ్యాల పండుగ. పోశయ్య దుకాణం మూసి పిల్లలతోని ములుగు పోయిండు. హనుమకొండకు పోయి తేవాలె. ఇంట్ల ఉన్న పెండ్లి పత్రికలన్ని కోసినం. పోయిన ఏడాది క్యాలెండర్ కోసినం, దేవుని బొమ్మలు మాత్రం పక్కకు వెట్టి. చాయపత్త డబ్బాల అట్టలు కోసినం. ఇంకేం ఉన్నది ఇంట్ల? తెచ్చినా, కోసుడు, మలుసుడు, అంటిచ్చుడు… ఆరద్దా అది? బయట ముసురు వట్టింది.

వీడియోల ఆ పిల్ల, ఇంట్ల ఉన్నవాటితోనే ఐదు నిముషాలల్ల చేసుకోవచ్చు అంటది. ఐదు నిముషాలల్ల నాకు కత్తెరే దొరుకలే.

…నగద్దు. నాకు నగు వస్తలేదు. జంపఖానా నేసుకుంట నెరిసిన, సుహాసినీ. దారం తెగితే కండ్లు మూసుకోని అతుకుత. ఈ కాయిదం తంగేడుకు రెక్క నిలవెట్టేవరకు నాకు దేవుడు కనవడ్డడు. వేలుకు అంటుకుంటది గని కాయిదానికి అంటదు. చిలుకమ్మ గోడ మీదికెళ్లి చూసి, ఏం జీవన్, మొగోనివి నువ్వు పేరుస్తానవ్, మమ్ముల జంపఖానాలు నెయ్యమంటవా అన్నది. నగితే నగనీ అనుకున్న. బిడ్డ కోసం చేస్తాన్న, నాకేం సిగ్గు?

కొనుక్కొచ్చేదా? ప్లాస్టిక్ పూలది?… నీకు ఎరుక లేదా? బిడ్డ ముంగట నువ్వే ఉంటివి గదా. దుకాణంల కొన్నది వద్దు, నువ్వు చేసిందే కావాలె నాన్నా, అమ్మ ఇక్కడున్నది గదా, నువ్వే చెయ్యాలె అన్నది. నీ బిడ్డ ప్లాస్టిక్ చూడంగనే గుర్తువడుతది.

నిజం పువ్వు తెచ్చేటట్టుంటే నాకు ఈ గోస ఎందుకు? వాడంత తంగేడే ఉన్నది. చిలుకమ్మ వాకిట్ల గునుగు కుప్ప వోసింది. ముంగటనే ఉన్నయ్ పూలు, ఒక్కటి ముట్టుకుంటలేను. బిడ్డ రక్తంల తెల్లకణాలు తక్కువున్నయ్, ఆకు, పువ్వు, మన్ను ఏదీ లోపటికి రావద్దన్నరు. కాయిదమైతే సరే అని నర్సమ్మ ఒప్పుకున్నదనే గదా ఇదంత…

ఇగో, అసలు ముచ్చట చెప్తాన్న, ఇను. మధ్యాహ్నం సూది గదా. వెన్నుల సూది. బతుకమ్మ వస్తేనే ఏయించుకుంట అన్నది అది. నేను సరే అన్న. చేతిల చెయ్యేసి మాటిచ్చిన. ఇప్పుడు ఉత్త చేతులతోని వస్తే ఏయించుకుంటదా? పోయినసారి నలుగురు వట్టుకుంటే గూడ… నువ్వు లోపటుంటివి. నేను తలుపు బయట నిలవడి ఇన్న. ఆ ఒర్లుడు నా చెవులల్లకెళ్లి పోతలేదు. మగ్గం మీద కూసుంటే గూడ అదే వినవడుతాంది.

అందుకే అంటాన్న. నువ్వు పెద్ద డాక్టరు సారును అడుగు. సూది రేపటికి జరుపుమను… ఒక్క రోజు. నేను హనుమకొండ పోయి కాయిదం తెస్త, ఇయ్యాల కూసోని చేస్త, అమ్మను చెయ్యి వెట్టనియ్య. రేపు పొద్దుగాల బతుకమ్మతోని వస్త… నువ్వడుగుతే వింటడు సారు. నేనడుగుతే రిపోర్టులు చూసుకుంట ఊ అంటడు, మొఖం గూడ ఎత్తడు.

లేకుంటే బిడ్డకు నువ్వు చెప్పు. నాతోని గాదు. నువ్వైతే ఎట్లనో ఒకట్ల చెప్తవ్… నేను మాటిచ్చినోన్ని. నేనెట్ల చెప్పాలె, చెప్పు?

సుహాసినీ?

…ఉన్నవా? ఏడుస్తానవా? ఏందే, నువ్వు గూడనా…

ఏందీ?

…అయిపోయిందా? ఏం అయిపోయింది?

…సూదా?

ఎప్పుడు?… మధ్యాహ్నం అన్నరు గదా!… పొద్దుగాలనే వచ్చిండా సారు. మరి నాకు చెప్పద్దా?… ఆ. స్విచాఫ్. ఆ… అమ్మకు చేసినవా?… ఎత్తలేదా. యాడ ఎత్తుతది, అప్పటికే ఏడుస్తాంది ఈమె.

మరి… ఎంతమంది వట్టుకున్నరు?

…ఎవలూ వట్టుకోలేదా.

ఒర్లలేదా?… ఒర్లలేదా! ఏమన్నది మరి?… మల్ల చెప్పు.

…

నాన్న తెస్తాండు అన్నదా.

బతుకమ్మ రాకముందే… రానియ్యి, చూసినంక ఏయించుకుంట అనలేదా?… మాటిచ్చిండు గదా, ఇంక చూసుడేంది అన్నదా. సారుతోని అన్నదా.

…

ఉన్న. లైన్ల ఉన్న. జర ఆగు.

…

నేను సూది ఆపుమందామని చేసిన ఫోన్. అది నన్ను నమ్మి ఏయించుకోని కూసున్నది. దాని వంతు మాట అది నిలవెట్టుకున్నది. ఇగ నా వంతే ఉన్నది. ఏం చెయ్యాలె నేను, సుహాసినీ? ఈ తాంబాలం ఎత్తుకోని రావాల్నా? ఏం మొఖం వెట్టుకోని రావాలె?

…పండుకోవెట్టిండ్రా. వెల్లకిల… తల ఎత్తద్దా. ఎప్పటిదాక?… మాపటి దాకనా.

ఎవలు అడుగుతాండ్రు?… నాన్ననా అంటాందా? లోపటికెళ్లి పిలుస్తాందా? లేదను. ఎవలో దుకాణపాయన అని చెప్పు… వద్దు. ఇయ్యకు. సుహాసినీ, దానికి ఫోన్ ఇయ్యకు, నీ దండం వెడుత. ఏం చెప్పాల్నో నేనింక అనుకోలే, ఏం మాట్లాడ—

…అక్షరా.

బిడ్డా… ఆ, నాన్ననే… లేదు, జలుబు. ముసురుకు వట్టింది… ఎక్కువ లేదు.

నొచ్చిందా?… జరంత నొచ్చిందా. కదలలేదా! ఏడ్వలేదా!… అబ్బా… మా బిడ్డ… లేదు, ఏడుస్తలేను. జలుబు అన్న గదా.

ఎక్కడిదాక వచ్చిననా?… ఇంట్లనే ఉన్న బిడ్డా… ఆటో ఎక్కలేదు ఇంక.

ఎంత ఎత్తున్నదా?

…ఇగో, చెప్తాన్న. నీ మోకాలు దాటింది బిడ్డా. ఆ, అంత. కింద తంగేడు, దాని మీద గునుగు… తెల్లది, ఊదా, మల్ల ఎరుపు… నువ్వు చెప్పినట్టే. నడుమ వంగకుంట లోపట ఏం వెట్టినమో తెలుసా? మగ్గం కాడ దారం కోన్లుంటయ్ చూడు, ఆ అట్టలు. ఒకదాని మీద ఒకటి. నిలవడాలె గదా… ఆ, పైన గుమ్మడి పువ్వు. అది నానమ్మ మలిచింది.

…ఉండె, బిడ్డా.

ఉండె అంటాన్న. నిన్న ఉండె. ఇప్పుడు లేదు.

…

నానమ్మ నీళ్లు చల్లింది… ఆ. చెంబుతోని… కారింది. రంగు మొత్తం కారింది… ఒక్కటి గూడ లేదు బిడ్డా. నేను మాటిచ్చిన, నాకెరుకే…

అక్షరా?

బిడ్డా, మాట్లాడు. కోపముంటే తిట్టు. ఇంక నాన్నను నమ్మ అను. ఏదో ఒకటి అను… హలో?… సుహాసినీ, నువ్వున్నవా ఆడ? ఏం చేస్తాంది?… ఏం చేస్తలేదా. పైకి చూస్తాందా… ఏడుస్తాందా?… మరి?

…ఆ బిడ్డా, ఇంటాన్న. చెప్పు.

ఎందుకు చల్లిందంటే… వాడిపోతయని… లేదు, పరేషాన్ చేద్దామని గాదు. నానమ్మ నీ మీద అట్ల చేస్తదా? మరిచిపోయింది. దీపం వెలుగుల చూసింది. పూలే అనుకున్నది… ఆ, నిజం పూలనే అనుకున్నది.

…ఏందీ?

…అంత మంచిగున్నయా, అంటానవా.

…

ఆ.

ఉన్నయ్ బిడ్డా. అంత మంచిగున్నయ్… నానమ్మే మోసపోయింది. పుట్టినప్పటి సంది పూలు ఏరిన మనిషి, ఆమెనే మోసపోయింది. నేను ఆ లెక్కన చూడనేలేదు. తిట్టుకుంట కూసున్న పొద్దటి సంది.

…నవ్వుతానవా? నవ్వకు, తల కదులుతది. నవ్వకు అంటాన్న గదా, సారు కోపానికి వస్తడు.

తెస్త. ఇయ్యాలనే తెస్త… మోకాలు దాక రాదు బిడ్డా, అబద్ధం చెప్పను. చేతిల వట్టేంత అయితదో, అంత గూడ గాదో… ఎంతైతే అంత. ఆరకుంటే పచ్చిదే తెస్త.

నానమ్మకియ్యాల్నా?… ఆమె మాట్లాడుతలేదు బిడ్డా. కొంగు తీస్తలేదు… నేనే. నేనే తిట్టిన… ఆ, తప్పే… సరే. సరే, ఇస్తాన్న, ఆగు.

అమ్మా… ఇగో, అక్షర. మాట్లాడుతదట… నిన్నేం అనదే. తీస్కో… అమ్మా, జర తీస్కోయే.

తీస్కుంటలేదు బిడ్డా. చేతులు కొంగుల దాసుకున్నది… లే, పెట్టెయ్యకు! పెట్టెయ్యకు. నేనే ఆమె చెవుకాడ వెడుత. ఇప్పుడు పూల ముచ్చట నాకు చెప్పినవ్ చూడు, ఆ మాటే చెప్పు. నాతోని చెప్పొస్తలేదు.

…చెప్పు బిడ్డా. వెట్టిన.