ఎనిమిదో భాగం చివరి పేజీలు

నందిగామ గ్రంథాలయంలో రిజ్వానా రాసిన పిల్లల నవల ఆవిష్కరణ సభ ముగిసింది. చిన్నప్పుడు జగ్గయ్యపేట బడిలో ఆమెతో ఒకే బెంచీలో కూర్చున్న మహతి, జనమంతా వెళ్లేదాకా ఆగి దగ్గరికి వచ్చింది.

"ఎన్నేళ్లయిందే మహతీ! పేట నుంచి నాకోసమే వచ్చావా?"

"ఒక మాట చెప్పిపోదామని వచ్చా. మనం అద్దెకు తెచ్చుకుని చదివిన నీలికోట పుస్తకాలు గుర్తున్నాయా?"

"ఎందుకు లేవు? ఎనిమిదో భాగంలో చివరి పేజీలు చినిగిపోయాయని మూడు రోజులు నాకు అన్నం సయించలా."

"చినిగిపోలా. నేనే చించా."

"నువ్వా! ఎందుకే?"

"షాపాయన కొత్త భాగం ఎప్పుడూ నీకే ముందిచ్చేవాడు. ఆ ఒక్కసారి నాకు ముందు దొరికింది. ముగింపు నాకొక్కదానికే తెలియాలనుకున్నా."

"అది తెలీకే కదా, సొంతంగా ఒక ముగింపు అల్లి క్లాసులో చెప్పా. నా మొదటి కథ అదేనే."

"తెలుసు. క్లాసంతా నోళ్లు తెరుచుకుని విన్నారు. నేనూ విన్నా. ఆ రోజు నుంచే నీతో మాట్లాడటం మానేశా."

"అందుకా! నేనేం తప్పు చేశానో తెలీక ఎంత ఏడ్చానో."

మహతి బ్యాగులోంచి పసుపెక్కిన నాలుగు కాగితాలు తీసింది. "ఇవిగో. ఇప్పుడైనా చదువు."

రిజ్వానా చేయి చాచలేదు. "అసలు ముగింపు బాగుందా?"

మహతికి అబద్ధం చెప్పాలనిపించింది.

"లేదే," అంది చివరికి. "నీదే బాగుంది. అప్పుడూ కుళ్లుకున్నా, ఇప్పుడూ కుళ్లుకుంటున్నా."