విమానాల రోడ్డు మీద ఆదెమ్మ మిరపకాయలు

ఆదెమ్మ ఉందే, మా పల్నాడు మనిషి, మొగుడు ఓబయ్యతో కలిసి గోడ కట్టే పనికి పోయిందంట. ఎక్కడికనుకున్నారు? మన దేశం అయిపోయే చోటికి! రైల్లో తొమ్మిది రోజులు. నవ్వమాకండి, తొమ్మిదే. అక్కడొక విమానాల స్టేషను. ఎంతనుకున్నారు, మన రేషన్ కొట్టంత. వారానికొక్క విమానం, మంగళవారం. మిగతా రోజులు విమానం దిగే ఆ తారురోడ్డు మీద కుక్కలు కాళ్లు చాపుకుని పడుకునేయంట. రోడ్డు పక్కనే ముళ్లకంచె, కంచె అవతల పరాయి దేశం. వాళ్లకీ అట్టాంటి రోడ్డే, రెండు జడలేసినట్టు పక్కపక్కనే. పొరపాటున అటు కాలు పెట్టావా, జైలే. ఇక పెళ్లాం బిడ్డల మొహం చూసేది లేదు.

ఏమైందంటే, కూలోళ్లందరి కూరలకని ఆదెమ్మ తెచ్చిన నాలుగు బస్తాల మిరపకాయలు దారిలో వానకి తడిశాయి. ఇంకో పూట ఆగితే బూజే. ఆరబోద్దామంటే గుడారాల చుట్టూ బురద. ఎదురుగా చూస్తే నల్లటి తారు, ఎండకి పెనంలా కాలతా ఉంది. మనమైతే ఏం చేస్తాం? ఆరబోస్తాం! సోమవారమేగా అనుకుంది. ఊళ్లో బస్సుకి దారి వదిలినట్టే సగం రోడ్డు వదిలి, సగం మీద కాయలు పోసి, చక్రం ఎక్కకుండా అంచున రాళ్లు పేర్చింది. ఒక్కోటి గుమ్మడికాయంత రాయి, అనుకోండి.

మధ్యాహ్నం మూడింటికి ఆకాశంలో గుర్రుమని చప్పుడు. ఓబయ్య పంచె ఎగ్గట్టి పరిగెత్తుకొచ్చి, "ఒసే, ఎటో పోయే విమానం దారి తప్పిందంట, పెట్రోలు అయిపోతందని రేడియోలో చెప్పి, ఇక పలకట్లేదంట! ఇక్కడే దిగాల. రాయి తగిలిందా, ముప్పై మంది పోతారే!" అన్నాడు. ఆదెమ్మ, ముప్పై మంది తల్లుల ఉసురు నా కొంగుకే చుట్టుకోవాలా దేవుడా అని ఏడ్చుకుంటానే వంగింది. ఎత్తతంది, విసరతంది, ఎత్తతంది, విసరతంది. ఓబయ్య ఒకటి తీసేలోపు ఆమె పది తీసింది. పైన విమానమేమో ఏ రోడ్డు మనదో తెలీక గిరగిరా తిరగతంది. ఒకసారి పరాయి రోడ్డు మీదకే వంగింది! స్టేషను ఆఫీసరు కళ్లు మూసుకున్నాడంట. అంతలో ఏం తోచిందో, చటుక్కున ఇటు మళ్లింది. ఆఖరి రాయిని కడుపుకి కరుచుకుని ఆదెమ్మ రోడ్డు పక్క కాలవలోకి దొర్లింది, విమానం ఆమె కొప్పు మీదుగా జానెడెత్తులో పోయి తారు మీద వాలింది.

దుమ్మా అది? ఎర్రటి మేఘం! కాయలన్నీ లేచి కంచె దాటాయి. అవతలి సిపాయిలు మూడు రోజులు తుమ్మారంట, తుపాకీ ఎత్తే తీరిక లేదు.

ముప్పై మందీ దిగారు, ఒక్కరికి గోరు కూడా విరగలేదు. ఆదెమ్మ కాలవలో కూర్చునే లెక్కపెట్టుకుంది. ఆఫీసరు మాత్రం వాళ్ల భాషలో ఎగిరెగిరి తిట్టాడు. తిట్టు ఏ భాషలో అయినా తెలుసుద్ది కదా, మిమ్మల్నందర్నీ ఇవాళే రైలెక్కిస్తానంటన్నాడు. ఓబయ్య చేతులు జోడించి నిలబడ్డాడు. అప్పుడు విమానం నడిపినాయన దిగొచ్చి, చక్రం కింద నలిగి మిగిలిన కాయొకటి తీసి తుంచి, వాసన చూసి, "ఎవరివమ్మా ఇవి?" అన్నాడు. తెలుగులో! ఆదెమ్మ కాలవలోంచి లేచొచ్చింది. "నావేనయ్యా, తప్పైపోయింది." "తప్పా? పైనుంచి రెండు రోడ్లూ ఒకటే మాదిరి ఉన్నాయి పిన్నీ. ఎర్రగా కనపడింది చూడు, తారు మీద మిరపకాయలు ఆరబోసేది లోకంలో మనోళ్లు తప్ప ఇంకెవరు? ఇదే మన నేల అని దిగాను" అన్నాడంట. ఆఫీసరుకి అదంతా విడమర్చి చెబితే, నోరు మూసుకుని ఆదెమ్మకి తనే టీ తెచ్చిచ్చాడు.

మర్నాడు అక్కడొక బోర్డు పెట్టించాడు, 'ఇక్కడ మిరపకాయలు ఆరబోయరాదు' అని, తెలుగులో కూడా. ఓబయ్య చదివి వినిపిస్తే ఆదెమ్మ, "ధనియాలు వద్దనలేదుగా" అందంట. చూడండి, ఆడదానికి ప్రాణం కుదుటపడిందంటే ఇక ఆపేవాడెవడు?